బ్రోచర్‌లో ‘రీసెర్చ్ పార్క్’ అని రాశారు, అసలు అదేంటి?

నయీంనగర్_పోరడు
అందరికీ నమస్తే. మా బాపు ఈ మధ్యే రిటైర్ అయిండు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి వరంగల్ దగ్గర ధర్మసాగర్ దిక్కు ఒక వెంచర్‌లో ప్లాటు తీసుకుందామని చూస్తున్నాం. బ్రోచర్ మీద పెద్ద అక్షరాలతో ‘ప్రతిపాదిత రీసెర్చ్ పార్క్‌కు పది నిమిషాలు’ అని ఉంది. పక్కన అద్దాల మేడ బొమ్మ, దాని ముందు ఫౌంటెన్. ఎవరు కడుతున్నారో, ఏ సంస్థదో ఎక్కడా లేదు. ఆఫీసులో అడిగితే ‘ఐటీ పార్క్ లాంటిదే సార్, కాకపోతే ఇంకా పెద్దది’ అన్నారు. గజం రేటు మాత్రం పక్క వెంచర్ కంటే బాగానే ఎక్కువ చెప్తున్నారు.

బాపు నన్ను అడుగుతున్నడు, అది వస్తే మన జాగ రేటు ఎందుకు పెరుగుతదిరా అని. ఏం చెప్పాలో తెల్వక ఇక్కడ అడుగుతున్నా. ఐటీ పార్క్, ఇండస్ట్రియల్ పార్క్, సైన్స్ పార్క్, రీసెర్చ్ పార్క్ అన్నీ ఒకటేనా? తెలిసినవాళ్లు జర చెప్పండి.

కాజీపేట_లోకోషెడ్
పేరు లేని పార్క్, నంబర్ లేని రైలు లాంటిది తమ్మీ. ఎక్కేముందు ఆలోచించు. మిగతాది చదువుకున్నోళ్లు చెప్తారు.

మడికొండ_షిఫ్ట్
ఐటీ పార్క్ లాంటిది కాదు. నేను మడికొండ ఐటీ పార్క్‌లోనే పనిచేస్తా. 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా సెంటర్లు మొదలైన చోటు. మేం చేసేదంతా క్లయింట్ ఇచ్చిన పని. కరెంటు, నెట్, ఏసీ, క్యాబులు ఉంటే చాలు, మా పని నడుస్తది. పక్కన యూనివర్సిటీ ఉందా లేదా అన్నది మాకు అక్కర్లేని విషయం. ఎన్‌ఐటీ మాకు దగ్గరే, కానీ అక్కడి ప్రొఫెసర్ ఎవరైనా మా ఫ్లోర్ మీదికి వచ్చినట్టు నేనైతే చూడలేదు. రావాల్సిన అవసరమూ లేదు.

రీసెర్చ్ పార్క్ అంటే నాకు గుర్తొచ్చేది అమెరికాలో జిరాక్స్ పార్క్. లేజర్ ప్రింటర్, ఈథర్నెట్ పుట్టింది అక్కడే కదా.

పాఠాల_సార్
జిరాక్స్ వాళ్లది 1970లో పెట్టిన సొంత పరిశోధన కేంద్రం. పాలో ఆల్టో రీసెర్చ్ సెంటర్ అన్న మాటల మొదటి అక్షరాలు కలిపితే వినడానికి ‘పార్క్’ అని వస్తుంది, అంతే. ఒకే కంపెనీ తన కోసం నడుపుకునేదాన్ని ఆర్ అండ్ డీ సెంటర్ అంటాం, రీసెర్చ్ పార్క్ అనం. కాకపోతే ఆ సెంటర్ ఉన్న స్థలం మాత్రం నిజంగానే ఒక రీసెర్చ్ పార్క్‌లోనిది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ పార్క్. ఈ వ్యవహారమంతా మొదలైంది అక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి దాత ఇచ్చిన భూమి ఎనిమిది వేల ఎకరాల పైచిలుకు. అమ్మకూడదని షరతు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూనివర్సిటీకి డబ్బు కావాలి, భూమి ఉంది, అమ్మే వీల్లేదు. మరేం చేయాలి? లీజుకివ్వాలి. 1951లో కొంత భూమిని విడదీసి కంపెనీలకు లీజుకివ్వడం మొదలుపెట్టారు. మొదటి లీజు వేరియన్ అసోసియేట్స్‌ది. తర్వాత హ్యూలెట్ ప్యాకర్డ్ వచ్చింది. ఎవరు పడితే వాళ్లకివ్వకుండా, యూనివర్సిటీలో జరిగే పనితో సంబంధం ఉన్న కంపెనీలకే ఇద్దామన్నది ఫ్రెడరిక్ టెర్మన్ అనే ఇంజనీరింగ్ డీన్ పట్టుదల. హ్యూలెట్, ప్యాకర్డ్ ఇద్దరూ ఆయన శిష్యులే.

ఇంకో సంగతి. మొదట్లో దాని పేరు స్టాన్‌ఫర్డ్ ఇండస్ట్రియల్ పార్క్. ‘రీసెర్చ్’ తర్వాత చేరింది. కాబట్టి బోర్డు మీద ఏం రాశారన్నది కాదు, లోపల అద్దెకున్నవాళ్లకూ యూనివర్సిటీకీ మధ్య ఏం నడుస్తోందన్నదే చూడాలి.

నయీంనగర్_పోరడు
సార్, అంటే యూనివర్సిటీ లేకుంటే రీసెర్చ్ పార్క్ లేనట్టేనా?

పాఠాల_సార్
యూనివర్సిటీ కానీ, పెద్ద పరిశోధన సంస్థ కానీ. తైవాన్‌లో 1980లో పెట్టిన షిన్‌చు సైన్స్ పార్క్‌నే తీసుకోండి. పక్కన రెండు యూనివర్సిటీలతో పాటు ప్రభుత్వ పరిశోధన సంస్థ కూడా ఉంది. ఇవాళ ప్రపంచానికి చిప్‌లు చేసిపెడుతున్న టీఎస్‌ఎంసీ 1987లో మొదలైంది షిన్‌చులోనే.

పేర్ల విషయానికొస్తే, సైన్స్ పార్క్, రీసెర్చ్ పార్క్, టెక్నాలజీ పార్క్ అన్నవి చాలావరకు ఒకే అర్థంలో వాడతారు. బ్రిటన్‌లో సైన్స్ పార్క్ అంటారు, కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజ్ 1970లో పెట్టింది దానికి ఉదాహరణ. అమెరికాలో రీసెర్చ్ పార్క్ అనడం ఎక్కువ. మన దేశంలోనే టెక్నాలజీ పార్క్ అన్న మాట దారి తప్పింది. తిరువనంతపురంలో 1990లో టెక్నోపార్క్ వచ్చింది, 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ అన్న కేంద్ర సంస్థ వచ్చింది, 1998లో సైబర్ టవర్స్‌తో హైటెక్ సిటీ వచ్చింది. అప్పటినుంచి మన చెవికి టెక్నాలజీ పార్క్ అంటే సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసే బిల్డింగ్ అనే స్థిరపడిపోయింది. 2005 చట్టంతో సెజ్ అన్న మాట కూడా వచ్చి చేరింది. సెజ్ అనేది పన్నులకు, ఎగుమతులకు సంబంధించిన హోదా. లోపల పరిశోధన జరుగుతుందా, కాల్ సెంటర్ నడుస్తుందా అన్నదానితో దానికి నిమిత్తం లేదు.

సుబేదారి_టు_చెన్నై
నయీంనగర్ తమ్ముడూ, నేను చెన్నైలో ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్‌లో ఉన్న ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. పుట్టిల్లు సుబేదారి. లోపలుండి చూసింది చెప్తా.

ఇది తరమణిలో ఉంది. 2010లో మొదలైంది, దేశంలో యూనివర్సిటీని పట్టుకుని నడిచే ఈ తరహా పార్కుల్లో మొదటిది. దీని వెనక ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా కృషి చాలా ఉంది. నడిపేది లాభాపేక్ష లేని కంపెనీ. మొత్తం పన్నెండు లక్షల చదరపు అడుగులు. బయటి నుంచి చూస్తే మామూలు ఆఫీసు టవర్లే, మీ బ్రోచర్‌లో అద్దాల మేడకు పెద్ద తేడా ఉండదు.

తేడా అద్దె అగ్రిమెంట్‌లో ఉంది. ఇక్కడ డబ్బు కడితే సరిపోదు, క్రెడిట్లు సంపాదించాలి. ఐఐటీ ప్రొఫెసర్‌తో కలిసి ప్రాజెక్టు చేస్తే క్రెడిట్. విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటే క్రెడిట్. మా ఉద్యోగి అక్కడే ఎంఎస్‌కో పీహెచ్‌డీకో చేరితే దానికీ ఉంది. మా మేనేజర్‌కు ఆర్థిక సంవత్సరం చివర్లో సేల్స్ టెన్షన్ ఒకటి, క్రెడిట్ల టెన్షన్ ఇంకొకటి. ‘ఈ ఏడాది ఐఐటీతో ఏం చేశాం’ అని లెక్క తీసి కూర్చుంటాడు. నవ్వొస్తుంది కానీ, ఆ షరతే లేకపోతే రోజువారీ పనిలో పడి ఎవరూ రోడ్డు దాటి ప్రొఫెసర్ దగ్గరికి పోరు. నిజంగా పోరు.

ఒక్కటి చెప్తా. మా బ్యాటరీ ప్యాక్‌లో మధ్యలో ఉన్న సెల్స్ అంచుల్లో ఉన్నవాటికంటే వేడెక్కేవి. మేం బయటి పెట్టె మీద మాత్రమే టెంపరేచర్ కొలిచేవాళ్లం. లెక్క బాగానే వచ్చేది, ప్యాక్ మాత్రం త్వరగా పాడయ్యేది. ఒకరోజు అవతలి డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ టీకి వచ్చి ప్యాక్ విప్పించి చూసి, సెల్‌కూ సెల్‌కూ మధ్య వేడి కొలిచే సన్నటి థర్మోకపుల్ తీగలు దూర్చమన్నారు. ఆ పని ఒక ఎంటెక్ అమ్మాయికి థీసిస్‌గా ఇచ్చారు. తీగలు పెట్టాక చూస్తే గాలి పోయే దారి మధ్య వరుసకు అందట్లేదని తేలింది. డిజైన్ మార్చుకున్నాం. ఆ అమ్మాయి ఇప్పుడు మాతోనే ఉద్యోగం చేస్తోంది. మామూలు ఐటీ పార్క్‌లో ఉంటే ఆ ప్రొఫెసర్ టీకి వచ్చేవారు కాదు.

మడికొండ_షిఫ్ట్
అక్కా, మరి కలిసి చేసిన పని మీద పేటెంట్ ఎవరిది? కంపెనీదా, ఐఐటీదా?

సుబేదారి_టు_చెన్నై
ముందే అగ్రిమెంట్‌లో రాసుకుంటారు. ప్రాజెక్టును బట్టి మారుతుంది. అది తేలకుండా ఎవరూ పెన్ను కదపరు, మా లాయర్ అయితే అసలే ఒప్పుకోడు. అమెరికాలో 1980లో బే-డోల్ అనే చట్టం వచ్చింది, ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన మీద పేటెంట్ హక్కు యూనివర్సిటీలు తీసుకోవచ్చని. ఆ తర్వాతే అక్కడి యూనివర్సిటీలకు కంపెనీలతో కలవాలన్న ఆసక్తి బాగా పెరిగిందంటారు.

నర్సంపేట_మిర్చి
అంతా మంచిగనే ఉంది. కానీ మన దగ్గర రీసెర్చ్ లేదా ఏంది? ములుగు రోడ్డులో వ్యవసాయ పరిశోధన స్థానం ఎప్పటినుంచో ఉంది. మేం పండించే వరంగల్ సాంబ, డబ్ల్యూజీఎల్-14, అక్కడిదే. సిద్ధి వరి కూడా అక్కడిదే. దాన్ని రీసెర్చ్ పార్క్ అనొచ్చా? ఎకరాలకెకరాలు ఉంది, చెట్లూ ఉన్నయి.

పాఠాల_సార్
మంచి ప్రశ్న అన్నా. అనలేం. అది పరిశోధన స్థానం. అక్కడ శాస్త్రవేత్తలు ప్రభుత్వ జీతం మీద విత్తనం తయారుచేసి రైతుకిస్తారు. బయటి కంపెనీ వచ్చి అక్కడ గది అద్దెకు తీసుకుని తన పని పెట్టుకోదు. రీసెర్చ్ పార్క్‌లో ఆ అద్దె కంపెనీలే అసలు జనం. విలువలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని కాదు. నిజం చెప్పాలంటే వరంగల్ సాంబ మన జిల్లాకు చేసిన మేలు ఎన్నో పార్కులు చేయలేవు.

నర్సంపేట_మిర్చి
సరే. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు పడ్డప్పుడు మేం మునిగినం. పూతలో దూరి రసం పీల్చి చేనుకు చేను ముడుచుకపోయింది. మందుల షాపులో ఎవడేది చెప్తే అది కొట్టినం. ఒకటి పోతే ఒకటి, సంచి ఖాళీ అయింది, పురుగు మాత్రం పోలే. అసొంటప్పుడు ఈ పార్క్ ఉంటే ఏమన్న లాభం ఉంటుండెనా? లేకపోతే ఇది సూటుబూటోళ్ల ముచ్చటేనా?

సుబేదారి_టు_చెన్నై
వెంటనే పురుగు పోతుండె అని చెప్తే అబద్ధమవుతుంది కాకా. అలాంటప్పుడు ముందు రావాల్సింది పరిశోధన స్థానం, వ్యవసాయ అధికారులే. పార్క్ చేసేది ఆ తర్వాతి పని. ఉదాహరణకు జీవ పురుగుమందు చేసే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకో. దానికి సొంత ల్యాబ్ కట్టుకునే స్తోమత ఉండదు, కీటక శాస్త్రం తెలిసినవాళ్లు ఉండరు. వ్యవసాయ యూనివర్సిటీ పక్కన పార్క్‌లో గది దొరికితే, ల్యాబ్ పరికరాలు అద్దెకు దొరికితే, శాస్త్రవేత్త రెండడుగుల దూరంలో ఉంటే ఆ మందు పరీక్షలు దాటి బయటికొచ్చే అవకాశం పెరుగుతుంది.

మీ మిర్చికే ఇంకోటి. చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ రంగును తీసి అమ్మే పని ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో బస్తా అమ్ముకోవడానికీ, రంగు తీసి అమ్మడానికీ మధ్య ఉన్న పనిని ఎవరో ఒకరు ఇక్కడే నేర్చుకుని చేయాలి. అలాంటివాళ్లకు పనికొస్తుంది.

నర్సంపేట_మిర్చి
రంగు తీసేటోడు లాభం తింటడు, మాకు గదే క్వింటాల్ రేటు ఇస్తడు. సరే సరే, చెప్పేది అర్థమైంది.

ఓరుగల్లు_గ్రోత్ 
*ఈ వ్యాఖ్య తొలగించబడింది.*

అడ్మిన్
పైన వెంచర్ ప్రకటన, ఫోన్ నంబర్ ఉన్న వ్యాఖ్యను తీసేశాం. అర్థం అడిగిన చర్చలో ప్లాట్లు అమ్మొద్దు. దయచేసి కొనసాగించండి.

కాజీపేట_లోకోషెడ్
వచ్చిండు చూడు, వాసన పట్టుకుని.

సార్, ఒకటి అడుగుతా. ఇవన్నీ చెన్నై, అమెరికా, తైవాన్. మన హైదరాబాద్‌లో లేదా? శామీర్‌పేట అవతల తుర్కపల్లి పోతుంటే నాలెడ్జ్ పార్క్ అని బోర్డు చూసిన గుర్తు.

పాఠాల_సార్
ఉంది. మీరు చూసింది జీనోమ్ వ్యాలీలో ఐకేపీ నాలెడ్జ్ పార్క్. మొదట దాని పేరు ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్క్. 1999లో ఐసీఐసీఐ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి పెట్టాయి. 200 ఎకరాలు. అక్కడ ప్రత్యేకత వెట్ ల్యాబులు. అంటే రసాయనాలు, కణజాలాలతో పనిచేసే గదులు. వాటికి మామూలు ఆఫీసు భవనం పనికిరాదు. పొగ, ఆవిరి పైకి లాగే గొట్టాలు కావాలి, రసాయన వ్యర్థాలకు వేరే డ్రైనేజీ కావాలి, బరువైన యంత్రాలను మోసే ఫ్లోర్ కావాలి, కరెంటు ఒక్క నిమిషం పోయినా లోపలున్న నమూనాలు పాడవుతాయి. చిన్న ఫార్మా కంపెనీ ఇవన్నీ సొంతంగా కట్టుకోలేదు. రెడీగా ఉన్న ల్యాబ్ అద్దెకు దొరకడమే అక్కడి ఆకర్షణ. అయితే ఒకే యూనివర్సిటీ చేతిలో ఉన్న పార్క్ కాదది. అందుకే ‘నాలెడ్జ్ పార్క్’ అన్న పేరు దానికి బాగానే అతుకుతుంది.

యూనివర్సిటీని అంటిపెట్టుకున్నది కావాలంటే సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ చూడండి. టెక్నాలజీ రీసెర్చ్ పార్క్ ఉంది. డ్రైవర్ లేని వాహనాలను నడిపి చూసే టిహాన్ ట్రాక్ కూడా ఆ క్యాంపస్‌లోనే ఉంది. టీ-హబ్‌ను కూడా కొందరు రీసెర్చ్ పార్క్ అంటుంటారు. అది స్టార్టప్‌లను కొంతకాలం నిలబెట్టి పంపే ఇంక్యుబేటర్. రీసెర్చ్ పార్క్ లోపల ఇంక్యుబేటర్ ఉండొచ్చు, ఐఐటీ మద్రాస్‌లో ఉంది కూడా. ఇంక్యుబేటర్ ఒక్కటే ఉంటే దాన్ని పార్క్ అనరు.

మడికొండ_షిఫ్ట్
గీసుకొండ టెక్స్‌టైల్ పార్క్?

పాఠాల_సార్
శుద్ధ ఇండస్ట్రియల్ పార్క్. 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది, తర్వాత 2023లో కేంద్రం పీఎం మిత్ర అనే టెక్స్‌టైల్ పార్కుల పథకంలోకి తీసుకుంది. నూలు, బట్ట, దుస్తులు తయారవడం దాని పని. అక్కడ కొత్త రకం దారం కనిపెట్టే ల్యాబ్ కట్టి, దానికి ఎన్‌ఐటీనో మరో సంస్థనో కట్టిపడేస్తే అప్పుడు ఆ ల్యాబ్ వరకు రీసెర్చ్ అనొచ్చు.

మడికొండ_షిఫ్ట్
మరి మనకెందుకు రావొద్దు సార్? అమెరికాలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ అని ఉందట. మూడు ఊళ్లు, మూడు యూనివర్సిటీలు. మనదీ ట్రైసిటీయే కదా! వరంగల్, హన్మకొండ, కాజీపేట. ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, కేఎంసీ (కాకతీయ మెడికల్ కాలేజీ) ఉంది, పైగా హెల్త్ యూనివర్సిటీ ఇక్కడే. లెక్క సరిపోయింది.

పాఠాల_సార్
ఈ మాట మా కాలేజీ సెమినార్లలో కూడా వింటుంటాను. వినడానికి బాగుంటుంది. ఇంకో పోలిక నేనే ఇస్తాను. నార్త్ కరోలినాలో ఆ పార్క్ పెట్టింది 1959లో. సరిగ్గా ఆ ఏడాది అక్టోబర్ 10న నెహ్రూ వచ్చి మన ఆర్‌ఈసీకి, అంటే ఇప్పటి ఎన్‌ఐటీకి, శంకుస్థాపన చేశారు. కేఎంసీ మొదలైంది కూడా ఆ ఏడాదే. వాళ్లదీ మనలాంటి ప్రాంతమే. పొగాకు, బట్టల మిల్లులు, ఫర్నిచర్ తప్ప ఇంకో ఆధారం లేదు. చదువుకున్న పిల్లలు పక్క రాష్ట్రాలకు వెళ్లిపోయేవారు.

అంతవరకు పోలిక కుదురుతుంది. ఆ తర్వాత జరిగింది చూడాలి. మొదట దాన్ని లాభం కోసం భూవ్యాపారంగానే అనుకున్నారు, డబ్బు పుట్టలేదు. అప్పుడు ఆర్చీ డేవిస్ అనే బ్యాంకర్ రాష్ట్రమంతా తిరిగి, వాటాలు కాదు, విరాళాలు ఇవ్వండని అడిగి వసూలు చేశాడు. భూమి లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతికి వెళ్లింది. పార్క్ తెరిచాక కూడా ఏళ్ల తరబడి పెద్దగా ఎవరూ రాలేదు. ఐబీఎం 1965లో వచ్చాకే కదలిక మొదలైంది. ఇప్పుడు ఏడు వేల ఎకరాలు, ఎక్కువ భాగం చెట్లే.

అంటే మ్యాప్ మీద మూడు చుక్కలు కలిపితే త్రిభుజం వస్తుంది, పార్క్ రాదు. భూమి ఎవరి పేరున ఉంది, ఓపిక పట్టే డబ్బు ఎవరిది అన్నదే తేల్చాలి. మన దగ్గర భూమి ఇలా ప్రకటించగానే చుట్టూ వెంచర్లు వెలుస్తాయి. పార్క్‌కు కావాల్సిన రెండో విడత భూమి రేటు అప్పటికే ఆకాశంలో ఉంటుంది. ఈ విషయంలో నాకు పెద్దగా ఆశ లేదు, దాచుకోవడం ఎందుకు.

సుబేదారి_టు_చెన్నై
సార్, నేను కాస్త విభేదిస్తాను. ఏడు వేల ఎకరాలు అక్కర్లేదు. చెన్నైలో మాది పన్నెండు ఎకరాల లోపే. క్యాంపస్ గోడ పక్కనే, పైకి కట్టారు. పార్క్ ఊరికి దూరంగా ఉంటేనే పార్క్ అనుకోవడం పాత పద్ధతి. ప్రొఫెసర్ నడిచి రాగలిగే దూరం ముఖ్యం. ఆ లెక్కన వరంగల్‌లో రావాలంటే అది ఎన్‌ఐటీ గోడ పక్కనో కేయూ క్యాంపస్ పక్కనో రావాలి. ధర్మసాగర్ అవతల ఎందుకొస్తుంది?

పాఠాల_సార్
అది ఒప్పుకుంటాను. దూరం విషయంలో మీ మాటే సరైనది.

కాజీపేట_లోకోషెడ్
ఇగో తమ్మీ, నీకు కావాల్సిన జవాబు ఇదే. ఇప్పుడు పోయి వెంచరోళ్లను అడుగు. ఏ యూనివర్సిటీది? భూమి ఎవరి పేరు మీద ఉంది? జీవో ఉందా? ఇంకోటి, రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ చదువు. ప్రకటనలో తప్పుడు మాట నమ్మి అడ్వాన్స్ కట్టి నష్టపోతే, డబ్బు వడ్డీతో సహా వాపసు అడిగే హక్కు ఉంది. అందుకే ఆ బ్రోచర్ పారేయకు. ఫోటో కూడా తీసి పెట్టుకో.

నయీంనగర్_పోరడు
అందరికీ థాంక్స్. బాపునూ తీసుకుని వెంచర్ ఆఫీసుకు పోయొచ్చిన. ఏ యూనివర్సిటీ అని అడిగితే ‘మాట్లాడుతున్నారు సార్’ అన్నడు. ఎవరు మాట్లాడుతున్నరు అంటే ‘పైన’ అన్నడు. కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) అప్రూవ్ చేసిన లేఅవుట్ కాపీ అడిగి తీసుకున్నాం. దాంట్లో పార్క్ అని రాసి ఉంది, కానీ అది కాలనీ పిల్లలు ఆడుకునే ఓపెన్ స్పేస్. రేరాలో నంబర్ ఉంది, అక్కడ పెట్టిన కాగితాల్లో రీసెర్చ్ పార్క్ ఊసే లేదు.

బాపు ఒక్కటే అన్నడు, ‘ఆ మాట తీసేసి గజం ఎంతకిస్తవో చెప్పు’ అని. ఆఫీసాయన లోపలికి పోయి ఫోన్ మాట్లాడి వచ్చి కొంచెం తగ్గించిండు. పక్క వెంచర్ రేటు కంటే ఇంకా ఎక్కువనే ఉంది. టోకెన్ కట్టకుండా వచ్చేసినం.

నర్సంపేట_మిర్చి
తగ్గించిండంటేనే సమజైతుంది కదా.

మడికొండ_షిఫ్ట్
పక్క వెంచర్‌కే పోండి తమ్మీ. మడికొండకు దగ్గరైతే కిరాయికైనా పోతది.

కాజీపేట_లోకోషెడ్
అక్కడైనా తొందరపడొద్దు. ముందు ఈసీ (జాగ మీద అప్పులు, లావాదేవీల రికార్డు) తీయించు, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించు, నాలా కన్వర్షన్ (సాగు భూమిని వేరే వాడకానికి మార్చడం) అయిందా లేదా చూడు. డాక్యుమెంట్లు చూసే వకీలు కావాలంటే రియల్ ఎస్టేట్ విభాగంలో వేరే చర్చ పెట్టు, అక్కడ చెప్తా.